వేషాలు మానక్కర్లేదు, నవల ఆపక్కర్లేదు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో టీవీ సీరియల్స్‌లో, అప్పుడప్పుడు సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తుంటాను. వయసు ఈ మధ్యే నలభై దాటింది. నాకు వచ్చేవి ఎక్కువగా పోలీసు వేషాలే. హెడ్ కానిస్టేబుల్, ఎస్సై, అదృష్టం బాగుంటే సీఐ. ‘ఎస్ సార్’, ‘బాడీ దొరికింది సార్’ కంటే పెద్ద డైలాగ్ దొరకడం గగనం. కొంతకాలంగా షూటింగ్ లేని రోజుల్లో ఒక క్రైమ్ నవల రాస్తున్నాను. సగం అయింది. హీరో ఒక ఏసీపీ. చదివిన స్నేహితుడు ‘ఇది నవలలా లేదు, స్క్రిప్టులా ఉంది, అన్నీ డైలాగులే’ అన్నాడు. ఉన్న వేషాలు కూడా పోగొట్టుకుంటానేమోనని మా ఆవిడకి టెన్షన్. బ్రిటన్‌లో చిన్న వేషాలు వేసుకునే నటులు కొందరు క్రైమ్ రచయితలుగా స్థిరపడ్డారని ఎక్కడో చదివాను. వాళ్లు నటన మానేసి రాశారా? నటుడు కావడం రాతకి పనికొస్తుందా, అడ్డమా? పేరు మార్చుకుని రాయమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు మీ ఆవిడ గారి టెన్షన్ తగ్గే మాట చెప్తాను. మీరు చదివిన ఆ నటుల్లో ఎవరూ ఒక శుభముహూర్తాన మేకప్ కడిగేసుకుని రచయితలైపోలేదు. నటిస్తూనే రాశారు. రాత అన్నం పెట్టడం మొదలయ్యాక కొందరికి వేషాలు తగ్గాయి, కొందరు ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. వాళ్ల కథలు కాస్త వివరంగా చెప్తాను. మీ మూడు ప్రశ్నలకీ జవాబులు వాటిలోనే ఉన్నాయి.

మొదట చెప్పుకోవాల్సింది లిండా లా ప్లాంట్ గురించి. 1943లో లివర్‌పూల్‌లో పుట్టారు. లండన్‌లోని రాడాలో, అంటే రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో, నటన నేర్చుకున్నారు. లిండా మార్షల్ అన్న పేరుతో నాటకాల్లో, టీవీలో ఏళ్ల తరబడి నటించారు. ‘జెడ్ కార్స్’, ‘ది స్వీనీ’, ‘ది ప్రొఫెషనల్స్’ లాంటి పోలీసు సీరియల్స్‌లో వచ్చి వెళ్లే పాత్రలు చేశారు. పిల్లల కోసం తీసిన ‘రెంటాఘోస్ట్’ అనే కామెడీ సీరియల్లో పుప్పొడి పడక తుమ్ములతో బాధపడే దెయ్యం వేషం వేశారు. ఆ వేషం చూసిన పిల్లలు పెద్దయ్యాక, తాము చదువుతున్న హత్యల నవలల రచయిత్రి ఆ తుమ్ముల దెయ్యమేనని తెలిసి ఆశ్చర్యపోయి ఉంటారు.

1980లో ఐటీవీ అనే బ్రిటిష్ ఛానల్లో ‘ది జెంటిల్ టచ్’ అనే సీరియల్ మొదలైంది. మహిళా పోలీసు అధికారిని ప్రధాన పాత్రగా పెట్టి బ్రిటన్‌లో వచ్చిన తొలి సీరియల్ అది. అందులో లిండాకి ఒక చిన్న వేషం దొరికింది. ఆడవాళ్లకి ఇలాంటి సీరియల్స్‌లో వచ్చే పాత్రలు ఎలా ఉంటాయో ఆమెకి అప్పటికే బాగా తెలుసు. బాధితురాలు, వేశ్య, ఏడ్చే భార్య. ఇంతకంటే బాగా నేనే రాయగలను అనిపించింది. ఆ సీరియల్‌కే కథలు రాసి పంపారు. అన్నీ తిరిగొచ్చాయి. ఆమె చెప్పే ప్రకారం, ఒక కథ మీద మాత్రం ఎవరో ‘ఇది అద్భుతం’ అని గీకి పంపారు. దొంగతనానికి వెళ్లి చచ్చిపోయిన దొంగల భార్యలు, భర్తలు వేసుకున్న తర్వాతి ప్లాన్‌ని తామే అమలు చేయడం ఆ కథ. అదే ‘విడోస్’. 1983లో ఆరు ఎపిసోడ్ల సీరియల్‌గా వచ్చింది, నవలగానూ వచ్చింది. అప్పటికి ఆమె వయసు నలభై. సరిగ్గా మీ ఈడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కథ ఆమెకి పోలీసు పుస్తకాలు చదివితే వచ్చింది కాదు. దొంగ భార్య పాత్ర ఎప్పుడూ తలుపు తీసి, ‘ఆయన ఇంట్లో లేరు’ అని చెప్పి, ఫ్రేములోంచి వెళ్లిపోతుంది. ఆ తలుపు వెనక ఆమె బతుకేమిటి అని అడగాలని, ఆ తలుపు తీసే వేషం వేసిన మనిషికే తడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ ఏసీపీ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

‘విడోస్’ తర్వాత ఆమె ఊహ మీదే బండి నడపలేదు. 1991లో వచ్చిన ‘ప్రైమ్ సస్పెక్ట్’ అనే పోలీసు సీరియల్ కోసం లండన్ పోలీసుల్లో డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ హోదాకి ఎదిగిన జాకీ మాల్టన్ అనే అధికారిణిని వెతికి పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆ హోదాలో ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మగ సిబ్బంది మాట వినకపోతే ఏం చేస్తారు, గదిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతే ఎలా ఉంటుంది లాంటివన్నీ అక్కడినుంచి వచ్చాయి. అలా పుట్టిన జేన్ టెనిసన్ పాత్రని హెలెన్ మిరెన్ పోషించారు. తర్వాత లిండా నవలల మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. 2004లో ‘అబవ్ సస్పిషన్’తో అన్నా ట్రావిస్ అనే డిటెక్టివ్ నవలల సిరీస్ మొదలైంది. 2015లో అదే టెనిసన్‌ని 1970ల నాటి కొత్త కానిస్టేబుల్‌గా చూపిస్తూ మరో వరస మొదలుపెట్టారు. వేషాల కోసం ఎదురుచూసిన మనిషి తర్వాత ఎంతమంది నటులకి వేషాలు కల్పించారో చూడండి.

రెండో మనిషి మార్క్ బిల్లింగమ్. ఈయన కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1961లో పుట్టారు, బర్మింగమ్‌లో పెరిగారు, అక్కడి యూనివర్సిటీలోనే డ్రామా చదివారు. స్నేహితులతో కలిసి ఒక నాటక బృందం పెట్టి స్కూళ్లలో, కాలేజీల్లో నాటకాలు వేశారు. 1980ల మధ్యలో లండన్ చేరారు. దొరికిన వేషాలన్నీ ఒకే గాటన కట్టొచ్చు. ఫుట్‌బాల్ రౌడీ, డ్రగ్స్‌కి బానిసైనవాడు, చెడ్డ పోలీసు, లంచగొండి పోలీసు. ‘డెంప్సీ అండ్ మేక్‌పీస్’, ‘జూలియట్ బ్రావో’, ‘ది బిల్’... ఆ కాలపు పోలీసు సీరియల్స్ చాలావాటిలో ఒక మూల కనిపిస్తారు. మొహాన్ని బట్టి వేషం ఇవ్వడం మన ఒక్క పరిశ్రమలోనే ఉందనుకోకండి.

ఇలా కాదని ఆయన స్టాండప్ కామెడీ వైపు వెళ్లారు. అక్కడ మొహంతో పనిలేదు, నవ్విస్తే చాలు. లండన్‌లో ‘కామెడీ స్టోర్’ అనే కామెడీ క్లబ్బులో పేరున్న కమెడియన్ అయ్యారు. 1989 నుంచి 1994 దాకా బీబీసీలో పిల్లలకి వచ్చిన ‘మెయిడ్ మారియన్ అండ్ హర్ మెర్రీ మెన్’ సీరియల్లో గ్యారీ అనే మందబుద్ధి భటుడి వేషం వేశారు. రాబిన్ హుడ్ కథల్లో విలన్ అయిన నాటింగమ్ షెరీఫ్ దగ్గర పనిచేసే ఇద్దరు భటుల్లో ఒకడు. యజమాని అరుస్తుంటే నిలబడి వినే పాత్ర. ఆ తర్వాత పిల్లల టీవీకి రాయడం మొదలుపెట్టారు. మరోపక్క క్రైమ్ నవలలంటే పిచ్చి. రచయితల్ని ఇంటర్వ్యూలు చేసేవారు, సమీక్షలు రాసేవారు. అలా ఏళ్లపాటు పాఠకుడిగా నానాక, 2001లో ‘స్లీపీహెడ్’ వచ్చింది. ఆయనకీ అప్పటికి నలభయ్యే.

ఆ నవలలో బాధితురాలు చచ్చిపోలేదు. ఒళ్లంతా చచ్చుబడి, మెదడు మాత్రం పూర్తిగా మేలుకుని ఉన్న స్థితిలో ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. కళ్లు తప్ప ఏదీ కదలదు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడుకునేదంతా వింటూ ఉంటుంది, లోపల మాత్రం ఆమె మాటలు ఆగవు. సరదాగా, కోపంగా, బూతులతో సహా. ఒక నటుడు ఇది రాశాడంటే నాకు వింతగా అనిపించదు. సీన్‌లో నిలబడి, నోరెత్తే అవకాశం లేకుండా, పక్కవాళ్ల డైలాగులన్నీ వింటూ లోపల ఏదో ఒకటి అనుకుంటూ ఉండటం చిన్న వేషాలు వేసేవాడికి రోజువారీ పని. ఆయన అందుకే రాశారని నేననడం లేదు. చదువుతుంటే నాకు అలా తోచింది.

బిల్లింగమ్ ఇంకో మాట చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. స్టాండప్‌కీ క్రైమ్ నవలకీ పెద్ద తేడా లేదట. స్టేజి ఎక్కిన మొదటి నిమిషంలో జనాన్ని పట్టుకోకపోతే వాళ్లు చేజారిపోతారు, నవలలో మొదటి పేజీలూ అంతే. జోక్‌లో చివరి మాట వచ్చేదాకా వినేవాణ్ణి ఒక వైపు చూడమని, దెబ్బ ఇంకో వైపు నుంచి కొట్టాలి. హంతకుణ్ణి దాచే పద్ధతీ అదే. స్టేజి మీద నేర్చిన చేతివాటం ఆయనకి పేజీ మీద ఇలా ఉపయోగపడింది.

ఆయన జీవితంలో ఒక భయంకరమైన రాత్రి కూడా ఉంది. 1997లో ఆయనా, తోటి రచయిత పీటర్ కాక్సూ మాంచెస్టర్‌లో ఒక హోటల్ గదిలో ఉండగా ముసుగులేసుకున్న మనుషులు లోపలికి చొరబడ్డారు. ఇద్దరినీ కట్టేసి, నోళ్లు మూసి, కార్డులు లాక్కుని గంటల తరబడి బందీలుగా ఉంచారు. 2002లో వచ్చిన రెండో నవల ‘స్కేర్డీ క్యాట్’ పుట్టింది ఆ అనుభవంలోంచే. అందులో ఆయన తన హోటల్ గది కథని ఉన్నదున్నట్టు దించలేదు. ఆ రాత్రి అనుభవించిన భయాన్ని తీసుకుని, భయపెట్టి మనిషి చేత ఏమైనా చేయించవచ్చు అన్న పూర్తిగా వేరే కథ అల్లారు. తర్వాత ఆయన నవలల్లోని డిటెక్టివ్ టామ్ థోర్న్ 2010లో టీవీకెక్కాడు, డేవిడ్ మోరిసీ ఆ వేషం వేశారు. బ్రిటన్‌లో క్రైమ్ నవలలకిచ్చే థీక్‌స్టన్ బహుమతి బిల్లింగమ్‌కి 2005లో ఒకసారి, 2009లో మరోసారి వచ్చింది.

ఈ ఇద్దరి ఉద్యోగ చరిత్రా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక కారణం కనబడుతుంది. బ్రిటిష్ టీవీ 1960ల నుంచి పోలీసు సీరియల్స్‌ని ధారాళంగా తీస్తూ వచ్చింది. ‘జెడ్ కార్స్’ 1962 నుంచి 1978 దాకా నడిచింది. ‘ది బిల్’ 1984 నుంచి 2010 దాకా నడిచింది. అక్కడ చిన్న వేషాలతో బతికే నటుడు పోలీసుగానో, దొంగగానో, సాక్షిగానో వీటిలో అడుగుపెట్టక తప్పేది కాదు. విచారణ గది సెట్‌లో కూర్చోవడం, నేరం ఒప్పుకోవడం, ఒప్పించడం, అబద్ధమాడటం, అన్నీ జీతం తీసుకుని ప్రాక్టీసు చేసినట్టే. మీ కెరీర్‌ని మీరు ‘ఎస్ సార్’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను దాన్ని అప్రెంటిస్‌షిప్ అంటాను, మనస్ఫూర్తిగానే అంటాను.

మూడో మనిషి పేరు మీరు విని ఉండరు. ఆంథనీ ఆలివర్. 1922లో పుట్టిన వెల్ష్ నటుడు. పోస్టర్ మీద పేరుండదు, మొహం మాత్రం ఎక్కడో చూసినట్టుంటుంది, ఆ తరహా నటుడు. ఆయనకి ఇంకో లోకం ఉండేది. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు పాత మట్టిబొమ్మలు. వాటిని సేకరించి, అమ్మి, వాటి మీద ప్రామాణికమైన పుస్తకాలు రాసేంత పాండిత్యం సంపాదించారు. యాభై దాటాక, 1980లో, ‘ది ప్యూ గ్రూప్’ అనే క్రైమ్ నవలతో వచ్చారు. ప్యూ గ్రూప్ అంటే 18వ శతాబ్దంలో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన బొమ్మల్లో ఒక రకం. ఎత్తైన వీపు ఉన్న చెక్క బల్ల మీద ఇద్దరో ముగ్గురో బిగుసుకుని కూర్చుని ఉంటారు. ఉప్పుతో మెరుపు తెప్పించిన తెల్లటి మట్టి, కళ్లకి మాత్రం నల్లటి మట్టి చుక్కలు. ప్రపంచంలో చాలా కొద్ది మిగిలాయి, కాబట్టి విలువ చాలా ఎక్కువ. నవలలో ఒక చిన్న ఊళ్లో పాత వస్తువుల దుకాణం, దాని యజమాని మెట్ల మీంచి పడి చనిపోవడం, అలాంటి బొమ్మ ఒకటి మాయమవడం. కూపీ లాగేది ఒక రిటైరైన ఇన్‌స్పెక్టరూ, లిజ్జీ థామస్ అనే వెల్ష్ పెద్దావిడా. 1987 దాకా ఇలాంటివి నాలుగు నవలలు రాశారు. నాలుగే. పెద్ద పేరేమీ రాలేదు. కానీ అరుదైన బొమ్మని చేతిలోకి తీసుకున్నప్పుడు వేలికి ఏం తగులుతుందో, నకిలీని చూసి డీలర్ మొహం ఎలా మారకుండా ఉంచుకుంటాడో రాయగలిగిన కొద్దిమందిలో ఆయనొకరు. మొహం మారకుండా ఉంచుకోవడం నటుడికి తెలుసు, బొమ్మ నిజమో నకిలీయో వ్యాపారికి తెలుసు. రెండూ తెలిసిన మనిషి రాస్తే ఆ సీనే వేరు.

షూటింగ్ కాకుండా మీకు బాగా తెలిసిన ఇంకో లోకం ఏమిటో మీ ఉత్తరంలో లేదు. తప్పకుండా ఉంటుంది. మీ నాన్నగారి వృత్తి కావచ్చు, మీరు నటనలోకి రాకముందు చేసిన ఉద్యోగం కావచ్చు. చీటీల వ్యాపారమో, ఇంజిన్ రిపేరో, కోళ్లఫారమో. నేరం అక్కడ జరిపించండి.

రాబర్ట్ డాస్ గురించి క్లుప్తంగా. టీవీ సీరియల్స్ ‘జీవ్స్ అండ్ వూస్టర్’లో టప్పీ గ్లాసప్‌గా, ‘ది రాయల్’లో డాక్టర్ గోర్డన్ ఆర్మరాడ్‌గా బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన మొహం. యాభై దాటాక జిబ్రాల్టర్‌లో జరిగే హత్యల విచారణలతో ‘ది రాక్’ అన్న నవలతో సిరీస్ మొదలుపెట్టారు. నటన మానలేదు. మీ మొదటి ప్రశ్నకి ఈయనొక్కరే చాలు.

మన దగ్గర దారి ఎక్కువగా అటునుంచి ఇటు నడిచింది. గొల్లపూడి మారుతీరావు, తనికెళ్ల భరణి, పరుచూరి గోపాలకృష్ణ ముందు రాసి, తర్వాత నటించారు. క్రైమ్ నవలకి మనకి పెద్ద వారసత్వమే ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కోసం, మధుబాబు షాడో కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు నిలబడ్డ తరాలున్నాయి. అయితే అవి హీరోల కథలు. సీన్ చివర నిలబడే మనిషి వైపు నుంచి రాసిన తెలుగు క్రైమ్ నవల నాకు బహు తక్కువగా కనిపించింది. మీకు అక్కడ ఖాళీ ఉంది.

ఇక మీ నవల. మీ స్నేహితుడి మాటని కొట్టిపారేయకండి. నటులు రాసేటప్పుడు ఈ ఇబ్బంది మామూలే. మీరు డైలాగ్ రాస్తుంటే మీ తలలో ఒక గొంతు దాన్ని పలుకుతుంది, ఒక మొహం దాన్ని మోస్తుంది, వెనక లైటింగ్ ఉంటుంది, రీరికార్డింగ్ కూడా ఉంటుంది. పాఠకుడి చేతిలో ఉన్నది కాగితం ఒక్కటే. షూటింగ్‌లో పాతికమంది చేసే పని పేజీ మీద మీరొక్కరే చేయాలి. ‘బాడీ దొరికింది సార్’ సీన్ బహుశా మీరు ఇలా రాసి ఉంటారు:

‘బాడీ దొరికింది సార్.’
‘ఎక్కడ?’
‘చెరువు దగ్గర సార్.’
‘ఎవరు చూశారు?’
‘చేపలు పట్టేవాడు సార్.’

తెర మీద ఇది నడుస్తుంది. కాగితం మీద ఇందులో మనిషి లేడు. అదే సీన్ హెడ్ కానిస్టేబుల్ వైపు నుంచి రాసి చూడండి. నేనైతే ఇలా మొదలుపెడతాను:

చెరువుగట్టు దిగుతుంటే హెడ్డుకి ముందు చెప్పులు కనబడ్డాయి. రెండూ జతగా, గుమ్మం ముందు విడిచినట్టు, నీళ్ల వైపు వీపు పెట్టి ఉన్నాయి. చేపలు పట్టే కుర్రాడు దూరంగా గొంతుక్కూర్చుని బీడీ వెలిగించుకోలేక అగ్గిపుల్లలు పారేస్తున్నాడు. చెప్పుల సంగతి ఏసీపీ గారికి చెప్పాలా అని హెడ్డు ఒక్క క్షణం ఆగాడు. పోయినసారి ఇలాంటిదే చెప్పబోతే ‘అడిగినదానికి చెప్పు’ అని అందరి ముందూ కసిరాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ‘బాడీ దొరికింది సార్.’

డైలాగ్ అదే, ఒక్క అక్షరం మారలేదు. ఇప్పుడు పాఠకుడికి ఒక ఆధారం దొరికింది, అది పై అధికారికి తెలియదని కూడా తెలిసింది. హెడ్డు ఆ మాట ఎప్పుడు చెప్తాడా అని పేజీ తిప్పుతాడు. కెమెరా ముందు నిలబడ్డప్పుడు డైలాగ్‌కి ముందు మీరు ఏం ఆలోచిస్తారో అదే రాశాను. మంచి నటుడు రెండు ముక్కల డైలాగ్‌కి కూడా లోపల ఒక కథ అల్లుకుంటాడు. ఎక్కడినుంచి వచ్చాడు, పొద్దున ఏం తిన్నాడు, ఈయనంటే భయమా, మంటా. ఇన్నాళ్లూ ఎవరూ అడగక మీలోనే ఉండిపోయిన ఆ కథలే మీ పెట్టుబడి. ఎన్ని వేషాలు వేశారో అన్ని కథలున్నాయి మీ దగ్గర.

కాబట్టి నా సలహా, కాస్త బాధ కలిగించినా చెప్తాను. ఏసీపీని పక్కన పెట్టండి. ఆయన్ని చంపనక్కర్లేదు, కథలో ఉండనివ్వండి. కథ మాత్రం ఆయన తలలోంచి బయటకి తీసి హెడ్ కానిస్టేబుల్ తలలో పెట్టండి. ఏసీపీ గది ఎలా ఉంటుందో మీరు సెట్‌లో చూశారు. ఆ గది బయట బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు ఒంటితో తెలుసు. నడుం నొప్పి, యూనిఫాం బెల్టు బిగుతు, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియక టీ తాగాలా వద్దా అన్న సందేహం, ఇవన్నీ. దొంగ భార్య విషయంలో లిండా చేసిన పని ఇదే.

ఒక జాగ్రత్త. సెట్ మీద పోలీసు వేరు, స్టేషన్‌లో పోలీసు వేరు. ఎఫ్‌ఐఆర్ ఎవరు రాస్తారు, శవపంచనామాకి ఎవరెవరు ఉండాలి, మార్చురీకి కాగితాలు ఎవరు మోసుకెళ్తారు, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు, ఇవి సీరియల్స్ చూసి రాస్తే మొదటి అధ్యాయంలోనే దొరికిపోతారు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకరిని వెతుక్కోండి. మన ఊళ్లలో ఏ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ దగ్గరో, ఏ టీకొట్టు దగ్గరో ఒకాయన ఉంటారు. కథ చెప్పి సలహా అడగకండి. ఆయన పనిదినం పొద్దున నుంచి రాత్రి దాకా ఎలా గడిచేదో అడగండి, విని ఊరుకోండి. లిండాకి ఒక జాకీ మాల్టన్ దొరకబట్టే టెనిసన్ నిజమైన మనిషిలా నిలబడింది.

ఇంకొకటి, సెట్‌లో పడ్డ అవమానాలు నవలలోకి తేవాలనిపిస్తుంది. తెచ్చుకోండి. కానీ ఆ దర్శకుణ్ణో ఆ మేనేజర్నో గుర్తుపట్టేలా తేకండి. బిల్లింగమ్ చేసినట్టు సంఘటనని వదిలేసి అది మిగిల్చిన భయాన్నో కోపాన్నో తీసుకోండి. పగ తీర్చుకోవడానికి రాసిన అధ్యాయం పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది, పైగా రేపు కాల్‌షీట్ ఇచ్చేది ఆ మనుషులే.

మీ ఆవిడ గారి సంగతి. ఆమె భయం న్యాయమైనది. తెలుగులో నవల రాసి ఇల్లు గడపడం ఈ రోజుల్లో చాలా కష్టం. బ్రిటన్‌లోనూ లిండాకి టీవీ ఆదాయం, బిల్లింగమ్‌కి స్టేజి ఆదాయం, ఆలివర్‌కి బొమ్మల వ్యాపారం వెన్నుదన్నుగా ఉన్నాయి. కాబట్టి వచ్చిన వేషం ఏదీ రాత పేరు చెప్పి వదులుకోకండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య గంటల తరబడి కూర్చోబెడతారు కదా, ఆ సమయం మీది. ఫోన్ చూసే బదులు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అధ్యాయాలు అక్కడ రాయలేకపోయినా, విన్న మాటలు, చూసిన నడకలు రాసుకోవచ్చు. లైట్‌మ్యాన్‌లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఎన్ని జిల్లాల యాసలు మాట్లాడతారో వినండి. ఏ రచయితా ఇంట్లో కూర్చుని వినలేడు అవన్నీ. ఆవిడ గారికి ఇంకో మాట కూడా చెప్పండి. రాసిన ప్రతి అధ్యాయం ముందు ఆమెకే చదివి వినిపిస్తానని. మీకు గొంతు ఉంది, చదవడం వచ్చు. బిల్లింగమ్ తన నవలలు కొన్నింటిని ఆడియో పుస్తకాలుగా తానే చదివారు. ఇవాళ తెలుగులోనూ ఆడియో కథలు వినేవాళ్లు పెరుగుతున్నారు. మీ నవల పూర్తయ్యాక దాన్ని మీరే చదవగలరు. ఆ పని చాలామంది రచయితల వల్ల కాదు.

పేరు విషయం. మార్చకండి. లిండాకి మాత్రం స్టేజి పేరు ఒకటి, రాత పేరు ఒకటి ఉన్నాయి. బిల్లింగమ్, డాస్, ఆలివర్ తమ క్రైమ్ నవలలు నటులుగా ఉన్న పేర్లతోనే రాశారు. చిన్న వేషాలు వేసేవాడి పేరు పుస్తకం మీద ఉంటే ఎవరు కొంటారని మీ అనుమానమైతే, టీవీలో రోజూ చూసే పోలీసాయన రాసిన పోలీసు నవల అంటే జనం కనీసం చేతిలోకి తీసుకుని చూస్తారు. మొదటి పేజీ వాళ్లని ఆపాలి, అంతే.

ఆఖరిగా ఒక పని చెప్తాను. ఇప్పటిదాకా రాసింది చింపేయకండి, మొత్తం తిరగరాయడానికీ కూర్చోకండి. మొదటి మూడు అధ్యాయాలు మాత్రం హెడ్ కానిస్టేబుల్ వైపు నుంచి మళ్లీ రాయండి. రాసి, ‘స్క్రిప్టులా ఉంది’ అన్న ఆ స్నేహితుడికే ఇవ్వండి. ఈసారి అభిప్రాయం అడగొద్దు. చేతికి ఒక పెన్సిల్ ఇచ్చి, చదవడం ఎక్కడ ఆపి ఫోన్ చూసుకోవాలనిపించిందో అక్కడ ఒక గీత పెట్టమనండి.